క్రాస్‌ట్రెక్ లాంటి చిన్న ఎస్‌యూవీకి ఏ ఎడారి బాటలు సరిపోతాయి? మొజావె, డెత్ వ్యాలీ, ఆంజా బొరెగో

గోదారి_గట్టు · అర్వైన్ · అక్టోబరు 14, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది 2021 సుబారు క్రాస్‌ట్రెక్ స్పోర్ట్, 2.5 లీటర్ల ఇంజన్. కొన్నప్పటి నుంచి మార్చినవి టైర్లు మాత్రమే. కంపెనీ సైజు 225/60ఆర్17 లోనే ఆల్ టెరైన్ వేయించాను. లిఫ్ట్ లేదు (ఎత్తు పెంచలేదు), స్కిడ్ ప్లేటు (బండి కింద రక్షణ రేకు) లేదు, స్టెప్నీ కంపెనీవాళ్ళు ఇచ్చిన సన్నటి డోనట్టే.

థాంక్స్‌గివింగ్ నుంచి ఫిబ్రవరి దాకా వీలైన వారాంతాల్లో ఎడారి చూడాలని ఉంది. ట్రైల్ యాప్‌లు తెరిస్తే అయోమయంగా ఉంది. ఒకే బాట కింద ఒకరు "మామూలు కారు కూడా పోతుంది" అని రాస్తారు, ఇంకొకరు "35 అంగుళాల టైర్లు లేకపోతే రావద్దు" అంటారు. 8.7 అంగుళాల గ్రౌండ్ క్లియరెన్స్‌తో నిజంగా ఎంతవరకు వెళ్ళొచ్చు? బండిలో మా ఆవిడ, ఎనిమిదేళ్ళ పాప ఉంటారు. డిసెంబరులో అమ్మానాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు. నాన్నకి నడుం నొప్పి, ఎక్కువ కుదుపులు పనికిరావు. ఎక్కడ మొదలుపెట్టమంటారు? అసలు ముట్టుకోకూడనివి ఏవి?

ఇసుకబాట · రివర్‌సైడ్ · అక్టోబరు 14, రాత్రి 10:45

గోదారి గట్టు గారూ, క్లియరెన్స్ అంకె దగ్గరే ఆగిపోకండి. 8.7 అంగుళాలు తక్కువేమీ కాదు. మీ బండిని ముందుగా ఆపేది ముందు బంపరు. మీ క్రాస్‌ట్రెక్ అప్రోచ్ యాంగిల్ (ముందు బంపరు తగలకుండా ఎక్కగల వాలు) 18 డిగ్రీలు. షోరూం నుంచి వచ్చిన జీప్ రాంగ్లర్‌కే అది 40 దాటుతుంది. అంటే వాగులోకి దిగి అవతలి గట్టు ఎక్కేచోట, బండి కడుపు కింద బోలెడు ఖాళీ ఉన్నా, బంపరు పోయి మట్టిలో గుచ్చుకుంటుంది.

రెండోది, లో రేంజ్ (బండిని చాలా నిదానంగా, బలంగా నడిపే అదనపు గేరు) లేదు. నిటారు దిగుడులో ఇంజన్ బండిని పట్టి ఉంచలేదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఎక్స్ మోడ్‌లో (గరుకు దారి కోసం సుబారు ఇచ్చే మోడ్) దిగుడులో వేగం పట్టి ఉంచే హిల్ డిసెంట్ ఉంది, మంచిదే, కానీ అదీ బ్రేకులతోనే పనిచేస్తుంది. మెత్తటి ఇసుకలో చాలాసేపు లాగిస్తే సీవీటీ (మీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఆయిల్ వేడెక్కుతుంది. ఏటీ ఆయిల్ టెంప్ లైటు వెలిగితే బండిని పార్క్‌లో పెట్టి, ఇంజన్ ఆపకుండా, లైటు ఆరేదాకా నిలబడాలి.

అందుకే నేను బాట ఎంచుకునేటప్పుడు రేటింగ్ కంటే ముందు ఒక ప్రశ్న వేసుకుంటాను: ఈ బాటలో కష్టమైన చోటు మొదట్లో ఉందా, మధ్యలో ఉందా, చివర్లో ఉందా? కష్టం మెల్లమెల్లగా పెరుగుతూ చివరికి వచ్చే బాటలు చిన్న బండికి చాలా మంచివి. మీకు సరిపోయినంతవరకు వెళ్ళి, బండి ఆపి, మిగతాది నడిచి, వచ్చిన దారినే తిరిగి రావచ్చు. దిగాక వెనక్కి ఎక్కలేని వాలు మధ్యలో ఉన్న బాటలకి మాత్రం, రేటింగ్ ఎంత తక్కువైనా, చిన్న బండితో ఒంటరిగా పోకూడదు.

మొదటి రకానికి మంచి ఉదాహరణ డెత్ వ్యాలీలోని అగురెబెరి పాయింట్. ఎమిగ్రంట్ కాన్యన్ రోడ్డు నుంచి దాదాపు 6 మైళ్ళు కంకర రోడ్డు. దారిలో హారిస్‌బర్గ్ అనే పాత బంగారు గనుల జాగా, గని కార్మికుడు పీట్ అగురెబెరి ఉన్న క్యాంపు కనిపిస్తాయి. చివర కొంచెం ఇరుకు, రాళ్ళు. అక్కడ నచ్చకపోతే ఆపేసి నడవండి. పైన 6,400 అడుగుల ఎత్తు నుంచి లోయ మొత్తం కాళ్ళ కింద ఉంటుంది. ఎకో కాన్యన్ కూడా ఇంతే. ఐ ఆఫ్ ది నీడిల్ అనే రాతి కన్నం దాకా వాగు కంకరలో 5 మైళ్ళ లోపు. మీ టైర్లతో గాలి తగ్గించుకుని వెళ్తే సరిపోతుంది. అక్కణ్ణుంచి ఇన్యో గని వైపు దారి గరుకు పెరుగుతుంది, గని దాటాక అది పూర్తిగా వేరే తరగతి బాట.

రెండో రకానికి ఉదాహరణ లిప్పిన్‌కాట్. రేస్‌ట్రాక్ (డెత్ వ్యాలీలో రాళ్ళు వాటంతటవే జరిగే ఎండిన సరస్సు) నుంచి సాలైన్ వ్యాలీలోకి దిగే గని రోడ్డు. ఒకపక్క కొండ, ఒకపక్క అగాధం, ఎదురు బండి వస్తే తప్పుకునే చోట్లు కొన్నే. అది మీ జాబితాలోంచి ఇప్పుడే కొట్టేయండి.

ట్రైల్‌హాక్_రాజు · శాన్ బెర్నార్డినో · అక్టోబరు 15, ఉదయం 7:05

ఇసుకబాట అన్నా, లిప్పిన్‌కాట్ వద్దన్నావు, ఒప్పుకుంటా. కానీ రేస్‌ట్రాక్ దాకా ఎందుకు వెళ్ళకూడదు? నా జీప్ రెనెగేడ్ ట్రైల్‌హాక్‌కీ 8.7 అంగుళాలే. యూబీహీబీ క్రేటర్ దగ్గర నుంచి 27 మైళ్ళు. ఎక్కడా ఎక్కుడు లేదు, మెట్టు రాయి లేదు. గ్రేడర్ (రోడ్డు చదును చేసే యంత్రం) తిరిగిన కొత్తలో అయితే మామూలు కార్లు కూడా అక్కడ కనిపిస్తాయి. గోదారి బ్రో, పాపకి ఆ జరిగే రాళ్ళు చూపించు, జీవితాంతం గుర్తుంటుంది.

ఇసుకబాట · రివర్‌సైడ్ · అక్టోబరు 15, ఉదయం 8:30

రాజూ, ఆ రోడ్డు మీద క్లియరెన్స్ సమస్య కాదు, నువ్వు చెప్పింది నిజమే. సమస్య టైర్లు. అక్కడి రాయి పదును. వాష్‌బోర్డ్ గతుకుల మీద బండి దడదడలాడుతుంటే జనం విసుగొచ్చి వేగం పెంచుతారు, ఆ వేగంలో రాయి అంచు సైడ్‌వాల్‌ని కోస్తుంది. ట్రెడ్‌లో పడిన చిల్లుకి ప్లగ్ వేయొచ్చు. సైడ్‌వాల్ చీలితే ఆ టైరు పనికిరాదు. అప్పుడు మిగిలేది డోనట్. ఆ డోనట్ మీద ఇంకో ఇరవై మైళ్ళు అవే రాళ్ళ మీద రావాలి. పైగా ఆల్ వీల్ డ్రైవ్ బండికి ఒక చక్రం చిన్నదైతే డ్రైవ్‌ట్రెయిన్ మీద అదనపు భారం. ఫోన్ సిగ్నల్ లేదు. టోయింగ్ బండి అక్కడి దాకా రావాలంటే వెయ్యి డాలర్లు సులువుగా దాటుతుంది. మామూలు రోడ్‌సైడ్ ప్లాన్లు మట్టి రోడ్డుకి వర్తించవని చాలామందికి అక్కడికి వెళ్ళాకే తెలుస్తుంది.

కుటుంబంతో, ఒంటరి బండిగా, డోనట్ స్టెప్నీతో అయితే ఈ సీజన్‌లో వద్దు. ఫుల్ సైజు స్టెప్నీ ఒకటి సంపాదించుకుని, ప్లగ్ కిట్, కంప్రెసర్ పెట్టుకుని, తోడు ఇంకో బండి ఉంటే అప్పుడు నేనే రమ్మంటాను.

ట్రైల్‌హాక్_రాజు · శాన్ బెర్నార్డినో · అక్టోబరు 15, ఉదయం 8:52

ఫుల్ సైజు స్టెప్నీ మాటకి నేనూ సరే. నా బండిలో అదే ఉంది, అందుకే ధైర్యం. అయినా 15, 20 మైళ్ళ వేగం దాటకుండా పోయేవాడికి ఆ రోడ్డు అంత భయపడాల్సింది కాదనే నా మాట.

బోరెగో_శ్రీదేవి · శాన్ డియాగో · అక్టోబరు 15, మధ్యాహ్నం 12:10

గోదారి గట్టు గారూ, మీరు అర్వైన్‌లో ఉండి మొదటి అడుగు డెత్ వ్యాలీలో ఎందుకండీ? ఆంజా బొరెగో మీకు ఇంకా దగ్గర. కాలిఫోర్నియాలో అతి పెద్ద స్టేట్ పార్కు ఇదే, లోపల 500 మైళ్ళ మట్టి రోడ్లు ఉన్నాయి. నేను మా సుబారు ఫారెస్టర్‌తో ఎక్కువగా ఇక్కడే తిరుగుతాను.

వరస ఇలా పెట్టుకోండి. ముందు బ్లెయిర్ వ్యాలీ. ఎస్-2 రోడ్డు పక్కనే, గట్టి నేల, చుట్టూ క్యాంపింగ్, పాత రాతి బొమ్మలు, అక్కడి ఆదివాసులైన కుమేయాయ్ ఆడవాళ్ళు గింజలు దంచుకున్న రాతి రోళ్ళు. ఆ రోళ్ళు చూసి మా అత్తయ్య గారు చాలాసేపు అక్కడే కూర్చున్నారు. పెద్దవాళ్ళని తీసుకెళ్ళడానికి ఇది చాలా మంచి చోటు. తర్వాత ఫిష్ క్రీక్ వాగు. ఒకోటిల్లో వెల్స్ నుంచి స్ప్లిట్ మౌంటెన్ రోడ్డు మీద వెళ్ళి వాగులోకి దిగితే, రెండు పక్కలా నిలువు గోడల మధ్య ఇసుక, కంకరల్లో ప్రయాణం. విండ్ కేవ్స్ నడకదారి మొదలయ్యే చోటు దాకా మీ బండికి ఏ ఇబ్బందీ ఉండదు.

ఈ రెండూ అయ్యాకే ఫాంట్స్ పాయింట్. ఎస్-22 నుంచి 4 మైళ్ళే, కానీ అంతా మెత్తటి ఇసుక వాగు. టూ వీల్ డ్రైవ్ కార్లు దిగబడేది అక్కడే. ఇసుకకి నేను పాటించేవి చెప్తాను. తారు దిగగానే గాలి తగ్గించండి. మీ బండికి 33 పీఎస్ఐ దగ్గర ఉంటుంది కదా, 20 కి దించండి, ఇంకా మెత్తగా ఉంటే 18. అంతకంటే తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. ట్రాక్షన్ కంట్రోల్ ఆపేయండి, లేకపోతే చక్రం జారిన ప్రతిసారీ కంప్యూటరు ఇంజన్ పవర్ కోసేస్తుంది, సరిగ్గా ఊపు కావాల్సిన చోట బండి ఆగిపోతుంది. వేగం సమానంగా ఉంచండి. స్టీరింగ్ ఒక్కసారి తిప్పొద్దు, బ్రేకు గట్టిగా తొక్కొద్దు, వదిలేస్తే ఇసుకే బండిని ఆపుతుంది. ఫోటో కోసం ఆపాలంటే గట్టి నేల మీదో, ముందుకి వాలు ఉన్న చోటో ఆపండి.

దిగబడితే యాక్సిలరేటర్ తొక్కడం వెంటనే మానేయండి. చక్రం తిరిగినకొద్దీ గుంత లోతవుతుంది, కాసేపటికి బండి కడుపు ఇసుక మీద కూర్చుంటుంది. దిగి, నాలుగు చక్రాల ముందు వెనకా పారతో ఇసుక తీసి, ఇంకో రెండు మూడు పీఎస్ఐ తగ్గించి, మీరు వచ్చిన జాడల మీదనే వెనక్కి రండి. ఆ జాడల్లో ఇసుక అప్పటికే నొక్కుకుపోయి ఉంటుంది.

ఫిష్ క్రీక్ పైన డయాబ్లో డ్రాపాఫ్ అని మ్యాపులో కనిపిస్తుంది. అది పైనుంచి కిందికి మాత్రమే దిగే ఇసుక వాలు, మధ్యలో లోతైన గోతులు. వెనక్కి ఎక్కే ప్రశ్నే లేదు. ఇసుకబాట గారు చెప్పిన రెండో రకం అదే. కయోటీ కాన్యన్ మాత్రం మొదటి నీటి దాటు వరకు వెళ్ళి రండి, మూడో దాటు దగ్గర బండరాళ్ళు, నీళ్ళు మీ బంపరుకి సరిపడవు. జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా అది మూసేస్తారు, ఎండాకాలంలో కొండ గొర్రెలు నీళ్ళ కోసం దిగే చోటది.

కొత్త_స్టీరింగ్ · ఫ్రీమాంట్ · అక్టోబరు 15, సాయంత్రం 6:40

శ్రీదేవి గారూ, మా దగ్గర టొయోటా ఆర్‌ఏవీ4 హైబ్రిడ్ ఉంది. ఏడబ్ల్యూడీ (ఆల్ వీల్ డ్రైవ్) అనే రాసి ఉంది. ఫాంట్స్ పాయింట్ వెళ్ళొచ్చా?

బోరెగో_శ్రీదేవి · శాన్ డియాగో · అక్టోబరు 15, రాత్రి 8:15

దానిలో వెనక చక్రాలకి ఇంజన్ నుంచి షాఫ్ట్ రాదండీ. వెనక ఒక ఎలక్ట్రిక్ మోటారు ఉంటుంది, అదే ఆ చక్రాలను తిప్పుతుంది. వాన రోడ్డుకి, కొద్దిపాటి మంచుకి చక్కగా పనిచేస్తుంది. మైళ్ళ తరబడి మెత్తటి ఇసుకలో మాత్రం ఆ మోటారు ఇచ్చే తోపు సరిపోదు. బ్లెయిర్ వ్యాలీ, ఫిష్ క్రీక్ మొదటి భాగం నిశ్చింతగా వెళ్ళి రండి. ఫాంట్స్ పాయింట్‌కి ఇంకో బండి తోడుంటేనే.

పాలమూరు_ఫీనిక్స్ · ఛాండ్లర్, అరిజోనా · అక్టోబరు 16, ఉదయం 6:30

అందరూ ఇసుక, రాళ్ళ గురించే చెప్తున్నరు, నేను నీళ్ళ గురించి చెప్త. మా దిక్కు జూలై నుంచి సెప్టెంబరు దాకా మాన్సూన్. ఆకాశం నీ నెత్తి మీద నీలంగ ఉంటది, ముప్పై మైళ్ళ అవతల కొండల మీద వాన పడ్తది, గంట తర్వాత నువ్వున్న వాగుల గోధుమ రంగు నీళ్ళు దుంకుతయి. ఎడారి బాటలు సగానికి సగం వాగులే. వాగుల గుడారం ఎయ్యొద్దు, వాగుల బండి నిలబెట్టి నిద్ర పోవద్దు.

అరిజోనాల దీనికి చట్టమే ఉంది. జనం దాన్ని "స్టుపిడ్ మోటరిస్ట్ లా" అంటరు. నీళ్ళు వచ్చినయని అడ్డం పెట్టిన బారికేడు దాటి పోయి ఇరుక్కుంటే, నిన్ను బయటికి తీసిన ఖర్చు నీ మీదనే ఏస్తరు, 2,000 డాలర్ల దాకా. డెత్ వ్యాలీ సంగతి కూడ సూడుర్రి. 2023 ఆగస్టు 20 నాడు హిల్లరీ తుఫాను అవశేషాలు వచ్చి ఫర్నెస్ క్రీక్‌ల ఒక్క రోజుల 2.2 అంగుళాలు కొట్టింది. ఆడ ఏడాది మొత్తానికి పడేదే దాదాపు 2 అంగుళాలు. రోడ్లన్నీ కొట్టుకపోయినయి. పోయినేడు బాగున్న బాట ఈ ఏడు బాగుంటదని అనుకోవద్దు. పార్కోళ్ళ రోడ్డు కండిషన్ల పేజీ పొద్దుగాల సూసినంకనే బండి తియ్యాలె.

ఫీనిక్స్ దిక్కు వచ్చేటోళ్ళకి: ఐ-17 మీద 259 ఎగ్జిట్‌ల దిగితే బ్లడీ బేసిన్ రోడ్డు. అగువా ఫ్రియా నేషనల్ మాన్యుమెంట్ల నుంచి పోతది. మొదటి మైళ్ళు చిన్న బండికి హాయిగుంటది, లోపలికి పోయినకొద్దీ గరుకు. అరిజోనా స్టేట్ ట్రస్ట్ భూముల్ల తిరగాల్నంటే పర్మిట్ కొనాలె, మర్చిపోవద్దు.

గోదారి_గట్టు · అర్వైన్ · అక్టోబరు 16, రాత్రి 9:00

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. "కష్టం ఎక్కడుంది" అన్న ప్రశ్నతో యాప్ మళ్ళీ తెరిచి చూశాను, సగం బాటలు వాటంతట అవే పక్కకి తప్పుకున్నాయి. ఇంకో రెండు సందేహాలు. పార్కు బోర్డు మీద "4x4 మాత్రమే" అని ఉంటే క్రాస్‌ట్రెక్ లెక్కలోకి వస్తుందా? మొజావె రోడ్డు మొత్తం చేయాలని నాకు చిన్న కోరిక, అది సాధ్యమేనా?

వేగాస్_గుంటూరు · హెండర్సన్, నెవాడా · అక్టోబరు 16, రాత్రి 9:48

మొదటిదానికి నేను చెప్తానండి. రాదు. డెత్ వ్యాలీ వాళ్ళు స్పష్టంగా రాశారు: ఫోర్ వీల్ డ్రైవ్ అంటే కనీసం 15 అంగుళాల రిమ్ము, కింద 8 అంగుళాల ఖాళీ, వాటితోపాటు హై, లో గేర్లు మార్చుకునే ట్రాన్స్‌ఫర్ కేసు ఉండాలి. ఆల్ వీల్ డ్రైవ్ ఆ నిర్వచనంలోకి రాదు. "హై క్లియరెన్స్" అని మాత్రమే ఉన్న రోడ్లకి మీ బండి సరిపోతుంది. యూటాలో కాన్యన్‌ల్యాండ్స్ వైపు వెళ్తే ఇది ఇంకా ముఖ్యం. వైట్ రిమ్ మీదికి లో రేంజ్ ఉన్న బండే కావాలి, పైగా పర్మిట్ తీసుకోవాలి. రేంజర్ ఆపి జరిమానా వేయగలడు. అది మొండి నిబంధన అని నేను అనుకోను. అక్కడ ఇరుక్కున్న బండిని లాగడానికి ఇంకో నలుగురు ప్రాణాలు పణంగా పెట్టాల్సి వస్తుంది.

మా వైపు వస్తే గోల్డ్ బ్యూట్ చూడండి. 2016లో నేషనల్ మాన్యుమెంట్ అయింది. మెస్కీట్ దగ్గర నుంచి విట్నీ పాకెట్ దాకా సుమారు 20 మైళ్ళు పాడైపోయిన పాత తారు రోడ్డు. గుంతలు చూసుకుంటూ పోతే సరిపోతుంది. ఎర్ర రాళ్ళు సాయంత్రం ఎండలో చూడాల్సిందే. లిటిల్ ఫిన్‌లాండ్ వైపు ఇసుక వాగు మాత్రం రెండు బళ్ళుంటేనే.

ఇసుకబాట · రివర్‌సైడ్ · అక్టోబరు 17, ఉదయం 5:50

మొజావె రోడ్డు గురించి. కొలరాడో నది ఒడ్డు నుంచి బార్‌స్టో దాపుల్లో క్యాంప్ కేడీ దాకా 140 మైళ్ళకు దగ్గర. 19వ శతాబ్దంలో సైన్యమూ బళ్ళూ నీటి ఊటల్ని కలుపుకుంటూ నడిచిన దారి అది. దారి పొడవునా పెట్రోలు బంకు లేదు. రెండు మూడు రోజుల పని. మొత్తం ఒక్కసారిగా చేయాలనుకోవద్దు. కెల్బేకర్, సీమా లాంటి తారు రోడ్లు దాన్ని చాలాచోట్ల కోస్తాయి, కాబట్టి ముక్కలుగా చేయడానికి వీలైన బాట ఇది. చిన్న బండికి అదే దాని గొప్పదనం.

తూర్పు సగంలో జాషువా చెట్ల అడవిలో ఒక ముక్క ఎంచుకోండి. 2020 డోమ్ ఫైర్ అనే కార్చిచ్చు సీమా డోమ్ మీద లక్షల చెట్లను కాల్చేసింది, ఆ నల్లటి మోళ్ళ మధ్య నుంచి వెళ్తుంటే మనసు భారమవుతుంది. మిగిలిన పచ్చటి భాగాలు మాత్రం కళ్ళకి పండగ. పడమటి సగంలో రెండు చోట్లు జాగ్రత్త. సోడా లేక్ పైకి పొడి పెచ్చులా కనిపిస్తుంది, కింద బురద. వాన పడిన వారాల తర్వాత కూడా బండ్లు యాక్సిల్ దాకా దిగబడతాయి. రెండోది ఆఫ్టన్ కాన్యన్ దగ్గర మొజావె నది దాటు. నీళ్ళు కొన్నిసార్లు బంపరు పైదాకా ఉంటాయి. కర్రతో లోతు కొలవకుండా దిగకండి. ఈ రెంటినీ తప్పించుకోవడం సులువే: కెల్బేకర్ రోడ్డు దగ్గర బాట వదిలి బేకర్‌కి వెళ్ళి పెట్రోలు పోసుకుని, ఐ-15 మీద ఆఫ్టన్ రోడ్డు ఎగ్జిట్ దాకా వచ్చి, క్యాంపుగ్రౌండ్ వైపు నుంచి లోయ చూడండి.

మీ నాన్నగారి నడుం కోసం: కెల్సో డ్యూన్స్ రోడ్డు 3 మైళ్ళే, చదునైన మట్టి. ట్రోనా పినకిల్స్ కూడా బాగుంటుంది. హైవే 178 నుంచి 5 మైళ్ళు, ఎండిపోయిన సర్ల్స్ సరస్సు అడుగున 500 పైగా సున్నపు స్తంభాలు, కొన్ని 140 అడుగుల ఎత్తు. తడిగా ఉంటే మాత్రం ఆ సరస్సు మట్టి మీదికి పోవద్దు. డెత్ వ్యాలీలో ట్వెంటీ మ్యూల్ టీమ్ కాన్యన్ 2.7 మైళ్ళు, వన్ వే అయినా కార్లు పోయే రోడ్డు. వాష్‌బోర్డ్ మీద 25 పీఎస్ఐకి దించండి. సగం కుదుపు టైరే మింగేస్తుంది, నాన్నగారికి తేడా తెలుస్తుంది.

బేఏరియా_బుజ్జి · సన్నీవేల్ · అక్టోబరు 17, ఉదయం 10:20

అద్దె ఎస్‌యూవీతో వెళ్తే? మా మామయ్య వాళ్ళు వస్తున్నారు, బండి పెద్దది కావాలి.

వేగాస్_గుంటూరు · హెండర్సన్, నెవాడా · అక్టోబరు 17, ఉదయం 11:02

బుజ్జి గారూ, అద్దె ఒప్పందాల్లో ఎక్కువభాగం తారు లేని రోడ్డు మీద నడపకూడదని రాసి ఉంటుంది. అక్కడ ఏమైనా జరిగితే ఇన్సూరెన్సు మీ వైపు నిలబడదు. పైగా వాటికి వేసేది నున్నటి హైవే టైర్లు. డెత్ వ్యాలీలో తారు రోడ్డు మీదనే చూడాల్సినవి రెండు రోజులకి సరిపడా ఉన్నాయి: జబ్రిస్కీ పాయింట్, డాంటేస్ వ్యూ, బ్యాడ్‌వాటర్. రాళ్ళ బాట కావాలంటే ఆ పని కోసమే జీపులు అద్దెకిచ్చేవాళ్ళు డెత్ వ్యాలీలోనే ఉన్నారు, దానికి అనుమతి ఒప్పందంలోనే ఉంటుంది.

బోరెగో_శ్రీదేవి · శాన్ డియాగో · అక్టోబరు 17, సాయంత్రం 5:35

రేస్‌ట్రాక్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ రాళ్ళు ఎలా జరుగుతాయో 2013 డిసెంబరులో పరిశోధకులు కళ్ళారా చూశారు. చలికాలం లోతులేని నీరు నిలిచి, రాత్రి పలుచటి మంచు పలకలుగా గడ్డకట్టి, ఎండకి విరిగి, చిన్న గాలికే ఆ పలకలు రాళ్ళను మెల్లగా తోస్తాయి. అంత సున్నితమైన నేల అది. 2016లో ఎవరో దాని మీద బండి తిప్పి పోయారు, ఆ చక్రాల గీతలు ఏళ్ళ తరబడి పోవు. ఎడారి నేల పైపొరలో కంటికి కనపడని జీవం ఉంటుంది, ఒక్క చక్రం పోయినా అది తిరిగి కట్టుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. గీత ఉన్న బాట వదిలి పక్కకి దించకండి, ఎదురు బండికి దారివ్వడానికైనా సరే. వెడల్పుగా ఉన్నచోటికి వెనక్కి రండి.

ట్రైల్‌హాక్_రాజు · శాన్ బెర్నార్డినో · అక్టోబరు 17, రాత్రి 9:15

శ్రీదేవి గారు చెప్పినదానికి చేతులెత్తి దండం. ఇక సామాన్ల సంగతి నేను చెప్తా. పార, టైరు గేజీ, ప్లగ్ కిట్, కంప్రెసర్, ట్రాక్షన్ బోర్డులు (దిగబడిన చక్రం కింద పెట్టే పలకలు) ఒక జత. జాకీ కింద పెట్టడానికి అడుగు పొడవు చెక్క పలక, అది లేకపోతే జాకీయే ఇసుకలోకి దిగుతుంది. మనిషికి రోజుకి కనీసం 4 లీటర్ల నీళ్ళు, ఒక రోజుది అదనంగా. పులిహోర చేసుకెళ్ళండి, చలికాలంలో సాయంత్రం దాకా ఢోకా ఉండదు.

తాడు గురించి గట్టిగా చెప్పాలి. క్రాస్‌ట్రెక్‌లో బంపరు మూత తీసి బిగించే టో హుక్ ఒకటి స్టెప్నీ దగ్గర ఉంటుంది. అది నిదానంగా, తిన్నగా లాగడానికే. సాగే కైనెటిక్ తాడుతో ఊపిచ్చి గుంజితే, అందులోనూ పక్కనుంచి గుంజితే, హుక్ విరిగి తూటాలా వస్తుంది. బండి కింద కనిపించే రవాణా కొక్కేలకి అసలు కట్టొద్దు. ముందు తవ్వండి, బోర్డులు పెట్టండి, తాడు ఆఖరిది.

పాలమూరు_ఫీనిక్స్ · ఛాండ్లర్, అరిజోనా · అక్టోబరు 18, ఉదయం 6:10

ఫోన్ గురించి ఎవరూ చెప్పలే. ఐఫోన్ 14, ఆ తర్వాతయి అయితే శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంటది. మంచిదే, కానీ ఆకాశం తెరిచి కనపడాలె, ఇరుకు కాన్యన్ల కష్టం. ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసేజ్ పరికరం ఉంటే ఇంట్లోళ్ళకి మామూలు మెసేజ్ కూడా పెట్టొచ్చు. ఏదున్నా లేకున్నా, ఏ బాట, ఏ టైముకి తిరిగొస్తరు, ఎన్ని గంటలు దాటితే ఎవరికి ఫోన్ చెయ్యాలె, ఇవి రాసి ఇంటికాడ ఒకరికి ఇచ్చి పోవాలె. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోర్రి. బండి ఆగిపోతే నడుసుకుంట పోవద్దు, బండి కాడనే ఉండాలె. వెతికేటోళ్ళకి మనిషి కంటే బండి తొందరగ కనపడ్తది.

గోదారి_గట్టు · అర్వైన్ · అక్టోబరు 18, రాత్రి 8:30

మా ప్రణాళిక ఇలా కుదిరింది. థాంక్స్‌గివింగ్ వారంలో బ్లెయిర్ వ్యాలీ, ఫిష్ క్రీక్. ఆ వారాంతం ఇసుకలో బండి తీరు చూసుకుని, నమ్మకం కుదిరితే ఫాంట్స్ పాయింట్. శ్రీదేవి గారు వీలైతే ఆ రోజు తోడు వస్తామన్నారు, చాలా సంతోషం. డిసెంబరులో అమ్మానాన్నతో ట్రోనా పినకిల్స్, ట్వెంటీ మ్యూల్ టీమ్, వైల్డ్‌రోజ్ బొగ్గు బట్టీలు. 1877లో కట్టిన ఆ పది బట్టీలు నాన్నకి తప్పకుండా నచ్చుతాయి, ఆయన ఇటుక బట్టీల లెక్కలు రాసిన మనిషి. జనవరిలో అగురెబెరి, ఎకో కాన్యన్ కన్నం దాకా. మొజావె రోడ్డు ముక్క ఫిబ్రవరికి. రేస్‌ట్రాక్ వచ్చే ఏడాది, ఫుల్ సైజు స్టెప్నీ కొన్నాక, రాజు గారి రెనెగేడ్ వెనకాల.

ఒక్క చివరి ప్రశ్న. కంప్రెసర్ సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టేది కొనాలా, బ్యాటరీకి తగిలించేది కొనాలా?

ఇసుకబాట · రివర్‌సైడ్ · అక్టోబరు 18, రాత్రి 9:05

బ్యాటరీకి తగిలించేదే తీసుకోండి. మీ బండి సాకెట్ 120 వాట్ల దాకే. దానికి పెట్టే చిన్న కంప్రెసర్లు 18 నుంచి 33 కి నాలుగు టైర్లు నింపేసరికి వేడెక్కి మధ్యలో ఆగుతాయి, కాస్త పెద్దది పెడితే ఫ్యూజు పోతుంది. బ్యాటరీ క్లిప్పుల రకం టైరుకి రెండు మూడు నిమిషాల్లో నింపేస్తుంది. నింపేటప్పుడు ఇంజన్ ఆన్‌లో ఉంచండి. గొట్టం వెనక చక్రాల దాకా అందుతుందో లేదో ఇంటి దగ్గరే ఒకసారి పెట్టి చూసుకోండి. తారు ఎక్కిన వెంటనే, ఫ్రీవే ఎక్కకముందే నింపాలి. తక్కువ గాలితో 70 మైళ్ళ వేగం వెళ్తే టైరు లోపల వేడికి పొరలు విడిపోతాయి.